ఏడు నిమిషాల పావుగంట

నా మాటల్లో నిజం కూరలో ఉప్పంత ఉంటుందని మా ఆవిడ ఇంటికొచ్చిన చుట్టాలకు ముందే చెప్పి పెడుతుంది. కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెబుతుంది. నాకు కోపం రాదు. తిరుపతిలో పెళ్లి రిసెప్షన్లకూ, ఆఫీసుల్లో పదవీ విరమణ సభలకూ మైకు పట్టుకుని జనాన్ని నవ్వించి బతికేవాణ్ని. ఉప్పు ఎక్కువేస్తే ఎవరూ తినరు. ఈ ఒక్క సంగతి రాసేటప్పుడు మాత్రం కొలత మార్చాలని కూర్చున్నాను. ఎంతవరకు మార్చగలనో నాకే తెలియదు, చేతి అలవాటు అంత తొందరగా పోయేది కాదు. ఎక్కడైనా మళ్లీ కోతలు కోస్తున్నట్టు అనిపిస్తే అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

దీనికంతా కారణం ఒక ఫోను. ఆ రోజు పొద్దున్నే మా ఊరి నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది.

"శీనా మామా, నేను లావణ్యని. మునెమ్మ మనవరాల్ని. ఈసారి మన వార్డుకు నేనే మెంబర్ని, తెలుసు గదా?"

"తెలీకుండా ఎట్లుంటాది" అన్నాను. తెలియదు.

"వచ్చే ఆదివారం వార్డులో సంగటి పోటీ పెడతాండాము. ఆడోళ్లకీ మొగోళ్లకీ అందరికీ. నువ్వొచ్చి ఆ కత చెప్పల్ల."

"ఏ కతమ్మా?"

"అదే మామా, ఉండలమ్మ కత. మా సిన్నాయన పెండ్లిలో నువ్వు చెప్తావుంటే వీడియో తీసినాము. ఊరంతా చూసినారు. అవ్వ గూడా చూసింది."

"అవ్వేమనింది?"

"ఏమీ అనలే. ఫోను తిరిగిచ్చేసింది."

వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. తరవాత చాలాసేపు చేతిలోని కాఫీ తాగలేదు. నా కథలు విని తిట్టినవాళ్లున్నారు, మధ్యలో లేచిపోయినవాళ్లున్నారు, ఒకాయనైతే చెప్పు చూపించాడు. ఫోను తిరిగిచ్చేసినవాళ్లు మాత్రం అంతవరకు ఎవరూ లేరు.

పలమనేరు దాటి బెంగుళూరు దారిలో కొంతదూరం పోతే మా ఊరు. ఆ రోడ్డు ఊరిని నిలువునా రెండుగా కోసేసింది. ఒక వైపు బజారు, బడి, పంచాయతీ ఆఫీసు, మంచినీళ్ల కొళాయి. రెండో వైపు మా వీధి, దాని వెనక మునెమ్మక్క వాళ్ల కాలనీ. రోడ్డు పక్కనే మా నాయన మైకుసెట్టు అంగడి. ఇప్పటికీ ఎక్కడైనా టంకం కరిగిన వాసన వస్తే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. టంకం వాసన, బ్యాటరీ ఆసిడ్ పులుపు, వానలో తడిసిన వైర్ల చుట్టల నుంచి వచ్చే ముక్కిన వాసన, ఇవన్నీ కలిసి మా నాయన చొక్కాలో ఉండేవి. అమ్మ ఎంత ఉతికినా పోయేవి కావు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఊరూరికీ మైకు గొట్టాలు మోసుకుపోయి పదిమంది గొంతులు పెద్దవి చేసేవాడు గానీ, తన గొంతు మాత్రం ఇంట్లో పక్క గదిలోకి కూడా వినపడేది కాదు. మైకు ఎవరికైనా ఇచ్చేముందు భుజం మీది తువ్వాలుతో దాని మూతి తుడిచి, "ఒకటి, రెండు, మూడు" అనేవాడు. నాలుగు అనేవాడు కాదు. మూడుతో పని అయిపోయాక నాలుగు ఎందుకనేది ఆయన లెక్క.

తిరునాళ్లలో తప్పిపోయి దొరికిన బిడ్డను ఎవరన్నా తీసుకొచ్చి మైకులో చెప్పమంటే, నాయన ఆ బిడ్డను దగ్గరికి పిలిచి, చొక్కా రంగు తన కళ్లతో చూసుకుని, పేరు మూడుసార్లు అడిగి, అప్పుడు చెప్పేవాడు. నాకు విసుగొచ్చేది. ఒకసారి అడిగేశాను, ఎవరో ఒకరు చెప్పింది చెప్పేస్తే పోయేదానికి ఇంత విచారణ ఎందుకని.

"ఎదురుగా నిలబడి అబద్ధం చెప్తే వినేటోడు మన మొకం చూస్తాడు, అనుమానం వస్తే అడుగుతాడు" అన్నాడు నాయన. "గొట్టంలోనించి వచ్చే మాటకు మొకం లేదురా. దాన్నేమని అడుగుతారు?"

ఆయన జీవితంలో నాతో మాట్లాడిన పొడుగాటి మాట అదే అనుకుంటాను. ఇరవై ఏళ్ల వయసులో నాకది చెవికి ఎక్కలేదు. అప్పటికే నాకు ఊళ్లో మైకు శీనా అని పేరు. నాయన గొట్టాలు కడితే నేను మాటలు కట్టేవాణ్ని. మా ఇంటి ఆవు పాలు పితకకముందే పెరుగైపోయేదని చెప్పి ఒకణ్ని నమ్మించాను కూడా.

ఇంట్లో రాత్రి భోజనం ఎప్పుడూ సంగటే. ఈ సంగతికి అది ముఖ్యం కాబట్టి కొంచెం విడమరిచి చెప్పాలి. అమ్మ ముందు నూకలు మెత్తగా ఉడకనిచ్చి, ఆ ఎసరులో రాగిపిండి ఒక్కచోటే గుట్టగా పోసేది. పోసినాక కదిలించేది కాదు. తెడ్డు కాడతో గుట్ట నడిమిన ఒక బొక్క పొడిచి, మూత పెట్టి వదిలేసేది. అడుగునుంచి ఆవిరి ఆ బొక్కలోంచి పైకి తన్నుకుంటూ వచ్చి పిండిని లోపలినుంచి ఉడికించాలి. ఆ పావుగంటా ఇంట్లో ఎవరూ సంగటి గురించి మాట్లాడకూడదు, అమ్మకు చిరాకు. మొదట పచ్చిపిండి వాసన వస్తుంది. కాసేపటికి అది పోయి, మొదటి వాన పడ్డ చేనులాంటి కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు అమ్మ కుండను దించి, రెండు పాదాల మధ్య గుడ్డతో అదిమి పట్టుకుని, తెడ్డుతో గెలికేది. ముంజేతులు నల్లగా మెరిసేవి. ముందే తొందరపడి గెలికితే లోపల పచ్చిపిండి ఉండలు కడుతుంది, ఇంక ఎంత తిప్పినా ఆ ఉండలు కరగవు. నాయన తడి చేత్తో ముద్ద తీసుకుని, నడిమిన వేలితో గుంట చేసి, అందులో ఊరుబిండి పచ్చడి పెట్టుకుని, నమలకుండా మింగేవాడు. మెతుకు కింద పడేది కాదు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. అంతకుముందు మెంబరు సామిల్లు రామచంద్రయ్య, కలప కోసే మిల్లు ఆయనది. కుర్చీ పోతుందని ఆయన దిగులు పడలేదు. భార్య పద్మావతమ్మ పేరుతో నామినేషన్ వేయించాడు. ఆ తల్లి మంచి మనిషి, గడప దాటి ఎరగదు. నామినేషన్ కాగితం మీద సంతకం చేశాక ఇది దేనికండీ అని భర్తను అడిగిందట. (ఇది నేను కల్పించలేదు, అయినా మీరు నమ్మకపోతే నా తప్పే.) అటువైపు కాలనీనుంచి మునెమ్మక్క వేసింది. రెండు ఆవులు పెట్టుకుని పాలకేంద్రానికి పాలు పోసేది. భర్త బెంగుళూరులో కట్టడాల పనికి పోయి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఎందుకమ్మా నీకీ మెంబరు పని అని అడిగినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది.

"నాకు కుర్చీ వొద్దు. కొళాయి కావల్ల. బిందె నెత్తిన బెట్టుకోని లారీలకు అడ్డంబడి రోడ్డు దాటతాండాము. ఒక కొళాయి ఈ పక్కకు ఏపించుకోని, ఆ పొద్దే దిగిపోతా."

సర్పంచి గంగులప్పకు ఊళ్లో పోటీ ఉండకూడదని పట్టుదల. ఆయన ఏకగ్రీవంగా వచ్చాడు, వార్డులన్నీ అట్లాగే రావాలి. ఇద్దర్నీ పంచాయతీ ఆఫీసుకు పిలిపించి చీటీలు వేద్దామన్నాడు. మునెమ్మక్క ఒప్పుకోలేదు.

"నా పేరు కాగితంలో రాసి మడిచేదానికి నేనేమన్నా మసాలా పొట్లమా?"

ఆఫీసంతా నవ్వింది. గంగులప్పకు తిక్కరేగింది. "అయితే ఒక పని చేయండమ్మా. ఇద్దరూ బజార్లో సంగటి గెలకండి. ఎవురిది ఉండకట్టకుంటే వాళ్లే మెంబరు" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. మునెమ్మక్క నవ్వకుండా సరే అనింది. రామచంద్రయ్య కూడా వెంటనే సరే అన్నాడు. తన కంచంలోకి సంగటి వస్తుందని తెలుసు గానీ, వాళ్లింట్లో గ్యాసుపొయ్యి వచ్చినప్పటినుంచీ దాన్ని గెలికేది పనిమనిషి అని ఆయనకు తెలియదు. ఓడినవాళ్లు మరుసటి రోజు నామినేషన్ వెనక్కి తీసుకోవాలని ఒప్పందం. పిండి పోసినాక గడియారం చూసి పావుగంట, ఆ తరవాతే తెడ్డు ముట్టాలి. గడియారం చూసి మైకులో చెప్పే బాధ్యత మా నాయనది.

నాయనకు ఆ రోజు పలమనేరులో పెళ్లికి గొట్టాలు కట్టే పని పడింది. తన చేతి గడియారం విప్పి నాకు కట్టాడు. "చూసి చెప్పు. చూడకుండా చెప్పొద్దు" అన్నాడు. బస్సెక్కేముందు మళ్లీ వెనక్కి చూశాడు. అప్పుడు నేను గడియారాన్ని చెవికి ఆనించుకుని వింటున్నాను.

బడి ముందర స్థలంలో మూడురాళ్ల పొయ్యిలు రెండు పెట్టారు. ఊరంతా అక్కడే. మొదట్లో నాకు చేతినిండా పని. పద్మావతమ్మ కట్టెలపొయ్యి ముట్టించలేక పొగకు కళ్లు తుడుచుకుంటుంటే, సామిల్లు యజమాని ఇంట్లో కట్టెకు కరువొచ్చిందని మైకులో అన్నాను. జనం నవ్వారు. మునెమ్మక్క నవ్వలేదు. తన పొయ్యి వదిలేసి లేచి వెళ్లి, ఆమె పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊది ముట్టించింది. నూకలు పొంగేదాకా అక్కడే ఉండి, పిండి ఎప్పుడు పోయాలో చెవిలో చెప్పి, అప్పుడొచ్చి తన కుండ పెట్టుకుంది. అందువల్లే ఆమె ఆలస్యమైంది. నేను ఈ కథ చెప్పిన ప్రతిసారీ, రామచంద్రయ్య ఆమెకు పచ్చికట్టెలు ఇచ్చాడని చెబుతూ వచ్చాను. ఆ పచ్చికట్టెలు నేను అతికించినవే. ఆ మనిషి ఇద్దరికీ ఒకే మోపులో కట్టెలు ఇచ్చాడు.

పద్మావతమ్మకు నిజంగానే గడియారం చూసి పావుగంట ఇచ్చాను. ఆమె గెలుకుతుంటే మునెమ్మక్క తన పొయ్యి దగ్గరినుంచే "అట్లగాదమ్మా, పక్కనించి తిప్పు" అని చెప్పింది. ముద్ద నున్నగా వచ్చింది. జనం ఈలలు వేశారు. ఆ తరవాత చూడటానికి ఏమీ లేదు. మూత పెట్టిన కుండ ఒకటి, దాని ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ఒకరు. ఎండ నెత్తిమీదికొచ్చింది. నా దగ్గరున్న జోకులన్నీ అయిపోయాయి. మైకు పట్టుకున్నవాడికి జనం చప్పుడు చేయకుండా ఉంటే ఒళ్లు చెమట పడుతుంది. ఎవరో వెనకనుంచి "ఏమప్పా శీనా, మునిమాపుదాకా కూసోబెడతావా?" అన్నారు. గడియారం చూశాను. ఏడు నిమిషాలు. ఎవరూ నాకు ఏమీ ఇవ్వలేదు, ఎవరి పక్కా నేను లేను. జనం మళ్లీ నావైపు తిరగాలి, అంతే నాకు కావాల్సింది.

"పావుగంట అయిపోయింది మునెమ్మక్కా, తెడ్డు తీసుకో" అన్నాను.

ఆమె తలెత్తి గొట్టం వైపు చూసింది. నా వైపు కాదు, గొట్టం వైపు. తరవాత కుండ మూత తీసి, ముఖం కుండ దగ్గరికి వంచి, ఒక క్షణం ఆగింది. తలూపి తెడ్డు తీసుకుంది.

గంగులప్ప ముద్ద విరిచాడు. లోపల వక్కంత పచ్చిపిండి పొడిపొడిగా ఉంది. వక్కంతే. నా కథలో అది నిమ్మకాయంత అయ్యి, టెంకాయంత అయ్యి, చివరికి పేలి సర్పంచి మీసాలకు పిండి పూసింది. ముద్ద కిందపడి బంతిలా ఎగిరి సామిల్లులో దూరిందని కూడా చెప్పినట్టు గుర్తు. గంగులప్ప ఏమీ అనకముందే నేను మైకందుకున్నాను.

"సంగటి పెట్టమంటే ఉండలు పెట్టిందప్పా మన ఉండలమ్మ."

అంతమంది ఒక్కసారి నవ్వితే గుండెల్లో ఎట్లా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది ఆ మధ్యాహ్నమే. నా బతుకంతా ఆ నవ్వు వెనకే పడి పోయాను. మునెమ్మక్క కుండ కడుక్కుని, బోర్లించి నెత్తిన పెట్టుకుని, రోడ్డు దాటి వెళ్లిపోయింది. మరుసటి రోజు ఆఫీసు తెరవకముందే వచ్చి నామినేషన్ వెనక్కి తీసుకుంది.

ఆ రాత్రి సంగటి ముందు కూర్చున్నప్పుడు అమ్మ అనింది, "మునెమ్మ చేతిలో ఉండ కట్టిందంటే నేన్నమ్మను" అని. నాయన నా వైపు చేయి చాచాడు. గడియారం విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని దీపం దగ్గర పట్టుకుని చూసి, గోడ గడియారం వైపు చూసి, "ఇది సరిగ్గానే పోతాండాదే" అన్నాడు. అంతకంటే ఏమీ అడగలేదు. ఆ తరవాత ఏడాదిపాటు నన్ను వైర్లు మోయడానికే తీసుకుపోయాడు. మైకు చేతికివ్వలేదు. ఆ గడియారం మళ్లీ ఎన్నడూ నాకు కట్టలేదు. ఆయన పోయినాక అమ్మ ఇవ్వబోయింది, నేను తీసుకోలేదు.

రామచంద్రయ్య తన భార్య కుర్చీలో తానే కూర్చున్నాడు. కొత్త కొళాయి సామిల్లు మూలమీద వెలిసింది, అదీ రోడ్డుకు ఆ పక్కనే. కాలనీకి కొళాయి రావడానికి ఇంకా రెండు ఎన్నికలు పట్టింది. ఈలోగా వచ్చిన వానాకాలంలో మునెమ్మక్క ఒక పని మొదలుపెట్టింది. పాలకేంద్రంలో పాలు పోసి వస్తూనే పాత ఎర్రచీర చింపిన గుడ్డ ఒకటి చేతబట్టి రోడ్డు నడిమిన నిలబడేది. బెంగుళూరుకు పోయే టమాటా లారీలను, పాలవ్యాన్లను ఆపేది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు దాటేదాకా గుడ్డ దించేది కాదు. మా అంగడిలోంచి నాకు రోజూ కనిపించేది. పిల్లలవైపు తిరిగి ఏదో అరిచేది. లారీ హారన్ల మధ్య అదేమిటో నాకు వినపడేది కాదు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ అన్నేళ్లు నిలబడింది. ఆ నిలబడటంలో ఎనిమిది నిమిషాలు తక్కువ పెట్టిన నా చేయి ఉందని నాకు తెలుసు. తెలిసే వైర్లు చుట్టుకుంటూ తల దించుకునేవాణ్ని. ఆ తరవాత నాకు తిరుపతి దొరికింది, వేదికలు దొరికాయి, అక్కడ ఆ రోడ్డు కనిపించదు. తల దించుకోవడం మానేసి కథ చెప్పడం మొదలుపెట్టాను. చివరికి ఆమె సొంత చిన్నకొడుకు పెళ్లిలోనే, ఆమె ఆకుల పందిట్లో వడ్డిస్తుండగానే చెప్పాను.

ఆదివారం ఊరికి పోయాను. బస్సు దిగేసరికి రోడ్డు నాలుగు వరసలై ఉంది, మా అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. బడి గోడకు తలుపంత ఫ్లెక్సీలో నా ముఖం, కింద 'నవ్వుల చక్రవర్తి' అని. పక్కనే మునెమ్మక్క ఫోటో, చిన్నగా. పోటీ మహా సందడిగా జరిగింది. వరసగా పన్నెండు గ్యాసుపొయ్యిలు. పడుచు మగపిల్లలు లుంగీలు ఎగగట్టి తెడ్డు తిప్పుతుంటే వాళ్ల భార్యలు వీడియోలు తీస్తున్నారు. ఎన్నికల్లో ఒకరి మీద ఒకరు పోటీ చేసిన రెండు వర్గాలవాళ్లూ ఒకే ముద్ద ముందు నిలబడి ఫోటో దిగారు. మండలం నుంచి వచ్చిన ఒక నాయకుడు సంగటిని చెంచాతో తిన్నాడు, ఊరు ఇంకో పదేళ్లు చెప్పుకోవడానికి అది చాలు. పావుగంట లెక్క ఇప్పుడు ఫోనులో, అందరికీ కనిపించేట్టు తెర మీద అంకెలు వెనక్కి పోతున్నాయి. ఎవరూ ఎవరికీ టైము చెప్పనక్కర్లేదు. మా నాయన చూసి ఉంటే సంతోషించేవాడు.

మునెమ్మక్కను ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. డెబ్బై దాటింది. ఎప్పటిలాగే చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. లావణ్య నా చేతికి వైరు లేని మైకు ఇచ్చింది. అలవాటుగా దాని మూతి తుడిచాను.

"ఈ రోజు ఆ కత మార్చి చెప్తాను" అన్నాను. "ఆ పొద్దు మునెమ్మక్క తప్పేమీ లేదు. ఏడు నిమిషాలకే పావుగంట అయిందని నేను అబద్ధం చెప్పినాను."

జనం గొల్లుమన్నారు. నేను ఆగి, కథ ఎంత సూటిగా చెప్పగలనో అంత సూటిగా చెప్పాను. పొయ్యి ముట్టించిన సంగతి, గడియారం సంగతి, పచ్చికట్టెలు నేను కల్పించిన సంగతి. ఒక్కో మాటకూ నవ్వు పెరిగింది. "చూడండప్పా, ఈసారి కొత్తగా గడియారం తగిలించినాడు" అని ఒకడు. "వచ్చే ఏడు సర్పంచే గ్యాసు కట్టేసినాడంటాడు చూడు" అని ఇంకొకడు. ఇది నిజం, ఒట్టు అన్నాను. ఒట్టు అన్నందుకు కడుపులు పట్టుకున్నారు. మైకు లావణ్యకిచ్చి దిగిపోయాను. చప్పట్లు ఇంకా ఆగలేదు. నా జీవితంలో అంత బాగా పండిన సభ ఇంకొకటి లేదు.

అక్కడినుంచి నేరుగా బస్సెక్కి ఉండాల్సింది. మునెమ్మక్క లేచొచ్చి నా చేయి పట్టుకుని, "ఇంటికి రా, తినిపో" అనింది. రోడ్డు కింద సొరంగం దారి వేశారు. దాంట్లోంచి దాటాము. ఆమె నడక నెమ్మది, నేను అంతకంటే నెమ్మదిగా నడిచాను. వాళ్లింటి ముందు కొళాయి ఉంది, చుట్టూ నాచు పట్టి, ఎంతోకాలంగా అక్కడే ఉన్నట్టు.

వంటింట్లో గ్యాసుపొయ్యి ఉన్నా పెరట్లో కట్టెలపొయ్యి ముట్టించింది. ఎసరు పెట్టి, నూకలు పోసి, మెత్తబడినాక పిండి గుట్టగా పోసి, తెడ్డు కాడతో బొక్క పొడిచింది. మూత పెట్టి, పీట మీద కూర్చుంది. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"అక్కా, ఆడ నేను చెప్పింది నిజం."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ పొద్దే. పచ్చివాసన పోలేదు గదా." చీరకొంగుతో కట్టె ముందుకు తోసింది. "మూత తీసి చూసినా. ఇంగా కావల్ల అనుకున్న్యా. మళ్లా, మైకులో చెప్పినాడు గదా అని గెలికినా. మీ నాయన మైకు అది. దాంట్లో ఎప్పుడూ అబద్ధం రాలేదు."

నేను ఒక పుల్ల అందుకుని పొయ్యిలోకి తోశాను. ముప్పై ఏళ్లకు పైగా మైకు పట్టుకున్న చెయ్యి అది.

"ఇన్నేండ్లకు ఒక నిజం చెప్పినావు శీనా" అనింది ఆమె. "అది గూడా నవ్వేట్టు చెప్పినావు."

అప్పుడే లావణ్య వచ్చింది, మెడలో ఇంకా పూలదండతో. నేను ఆ అమ్మాయికైనా నమ్మించాలనుకున్నాను. నేను చెప్పిందంతా జరిగిందేననీ, మీ అవ్వకు ఉండలమ్మ అని పేరు పెట్టి బతుకంతా మోయించింది నేనేననీ చెప్పాను.

లావణ్య దండ తీస్తూ ఆగింది. "ఆ పేరు నువ్వెట్లా పెడతావు మామా? అవ్వ రోడ్డుమింద నిలబడి మమ్మల్ని ఉండల్ల, ఉండల్ల, లారీ పోనీండి అని అరస్తా ఉన్నింది గదా. ఇస్కూలు పిలకాయలందరం ఉండల్లమ్మ అని పిలిచేది. నువ్వు ఆ పేరు తీసుకోని సంగటి కత అల్లినావనుకున్న్యా."

నేను మునెమ్మక్క వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, కుండ వైపే చూస్తోంది. హారన్ల మధ్య నాకు అన్నేళ్లు వినపడని మాట అది, ఉండల్ల, అంటే ఆగాలని. ఊరికి మైకులు కట్టిన ఇంట్లో పుట్టి, రోజూ పొద్దున రోడ్డు నడిమినుంచి వచ్చిన ఆ ఒక్క మాట నేను వినలేదు. నేను అంటించిన పేరును ఆమె కడుక్కుని, అరిచి అరిచి ఇంకో మాటగా మార్చుకుంది. అందులో నా గొప్ప ఏమీ లేదు. అట్లా మార్చడానికి ఆమెకు ఎన్ని వానలు పట్టాయో నాకు తెలుసు.

లావణ్య లోపలికి పోయింది. మూత పక్కనుంచి ఆవిరి వస్తోంది. ఇంకా పచ్చివాసనే. ఏమన్నా మాట్లాడితే బాగుండుననిపించింది, చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు.

"అయిందేమో అక్కా" అన్నాను.

మునెమ్మక్క తెడ్డు తీసి నా ఒళ్లో అడ్డంగా పెట్టింది.

"ఉండల్ల" అనింది.